మెట్టసీమ చల్లదనం

ఎండలు ముదిరితే మన మనస్సు ఉదకమండలం వైపో, సిమ్లా వైపో పోతుంది. కాని తెలుగునాటనే, రాయలసీమ దక్షిణపు కొసన, చల్లని మిట్టసీమ ఒకటి ఉన్నది. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, శాంతిపురం, కుప్పం మొదలైన ఊళ్లు మైసూరు పీఠభూమి అంచున, సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైన నెలకొన్నవి. చిత్తూరు నుండి వచ్చేవారికి మొగిలి కనుమ ఎక్కగానే గాలిలోని మార్పు తెలుస్తుంది. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు రెండు సెంటిగ్రేడు డిగ్రీల వేడి తగ్గుతుంది.

ఈ సీమకు శిఖరప్రాయమైనది మదనపల్లె చేరువలోని హార్సిలీ కొండ. దీని ఎత్తు 4,100 అడుగుల పైచిలుకు. దీనికి ఏనుగు మల్లమ్మ కొండ అని పూర్వనామం. మల్లమ్మ అనే బాలికను ఏనుగులు సాకినవని ఐతిహ్యం. 19వ శతాబ్దిలో కడప కలెక్టరు హార్సిలీ దొర దీనిని వేసవి విడిదిగా చేసుకొన్నందున ఆయన పేరు నిలిచింది. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోనిది; చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది.

ఈ చల్లదనం విహారానికే పరిమితం కాలేదు. క్షయకు మందు లేని కాలంలో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే చికిత్స. అందుకే మదనపల్లె వద్ద ఆరోగ్యవరంలో 1915లో క్షయ చికిత్సాలయం వెలసింది. 1919లో ఇక్కడ దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేసిన రవీంద్రులు జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించినారు. నేడు ఇదే వాతావరణం టమాటా పంటకు అనుకూలించి, మదనపల్లె మార్కెట్టుకు దేశమంతటా పేరు తెచ్చింది.

అయితే చల్లదనాన్ని ఇచ్చిన ఎత్తే నీటిని నిలువనీయలేదు. నీరు పల్లమెరుగును గదా! బాహుదా చెయ్యేటిలో కలిసి పెన్నకు పోతుంది. పాలారు కుప్పం ప్రాంతాన్ని దాటి తమిళనాడుకు పోతుంది. రెండూ వానలకు పారి, ఎండలకు ఇసుకమేటలయ్యే ఏరులే. అందువల్ల పూర్వులు చెరువులు త్రవ్వినారు. తరువాతివారు బావులను, గొట్టపుబావులను నమ్ముకొన్నారు. 2025లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణాజలం కుప్పం చేరింది. శ్రీశైలం జలాశయపు పూర్తి నీటిమట్టం 885 అడుగులే. అక్కడి నీరు ఇక్కడికి రావాలంటే మజిలీ మజిలీకి యంత్రాలతో ఎత్తిపోయవలసిందే.

ఇంత శ్రమతో వచ్చే నీటికి తోడు, కురిసిన వానను కాపాడుకొనడం తప్పనిసరి. కొండమీది చెట్టు వాన ఉరవడిని ఆపి నేలలో ఇంకిస్తుంది. హార్సిలీ కొండ సమీపాన రిషీవ్యాలీలో బోడిగుట్టలపై చెట్లు పెంచి పచ్చదనం తెచ్చినవారున్నారు. వేసవిలో ఈ కొండ ఎక్కేవారు పైనుండి దూరదృశ్యాలను మాత్రమే కాక, దిగువనున్న చెరువులను కూడ ఒకమారు పరికింతురు గాక. ఈ సీమ బ్రతుకు అక్కడ ఉన్నది.