మామిడి పిందె నిలవాలంటే మందు కొలిచి పోయాలి

మామిడి చెట్టు నిండా పూత వచ్చినా పిందె నిలిచేది కొద్దిగానే. కొంత రాలడం సహజం. బఠానీ గింజంత పిందెలు చెట్టు కింద గుట్టగా పడుతుంటే మాత్రం కారణం చూడాలి. తేనెమంచు పురుగు, బూడిద తెగులు ఉంటే ముందు వాటికే మందు కొట్టాలి. నేల బెట్టకొస్తే తడి ఇవ్వాలి.

పిందె నుంచి తొడిమకు అందే ఆక్సిన్ అనే హార్మోను తగ్గితే తొడిమ మొదట్లో పొర విడిపోయి పిందె ఊడుతుంది. ఈ లోటును నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లం తీరుస్తుంది. బజారులో ప్లానోఫిక్స్ పేరుతో దొరికేది ఇదే. 4.5 శాతం మందును 1 మి.లీ. చొప్పున 4.5 లీటర్ల నీటిలో కలిపి, ఎండ తగ్గాక పిందెలు తడిసేలా పిచికారీ చేయాలి. 15 లీటర్ల ట్యాంకుకు 3.3 మి.లీ. చాలు.

సీసా మూతతో ఉజ్జాయింపుగా పోయొద్దు. సూది తీసేసిన సిరంజితో కొలవండి. ఆపిల్ తోటల్లో ఇదే మందును పూత రాలాక కొట్టి, ఎక్కువైన పిందెలను కావాలనే రాలుస్తారు. కోతకు ముందు కొట్టి కాయను నిలుపుతారు. అంటే నిలిపే మందే రాల్చనూగలదు. రెండింతలు పోస్తే కాపు రెండింతలు కాదు, డబ్బూ పోతుంది, పిందే పోతుంది.