రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఈస్ట్రోజెన్ నిరోధక మందులు
(ప్రత్యేక వ్యాసం)

గుంటూరు: రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ ముగిసిన తరువాత అనేకమంది మహిళలకు వైద్యులు రోజుకొక చిన్న మాత్రను కనీసం ఐదేళ్లపాటు వాడవలసిందిగా సూచిస్తారు. గడ్డ తొలగిపోయి, పత్తి తీతకో మిరపకాయల కోతకో తిరిగి వెళ్లగలిగిన మహిళకు ఇంకా మందు ఎందుకన్న సందేహం కలగడం సహజం. అయితే క్యాన్సర్ తిరగబెట్టకుండా కాపాడే బాధ్యత చాలా వరకు ఆ మాత్రపైనే ఉంటుంది.

స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్, రొమ్ము కణాలలోని రిసెప్టార్లకు తాళానికి తాళంచెవి వలె అమరి, కణాల పెరుగుదలను ప్రేరేపిస్తుంది. సగానికి పైగా రొమ్ము క్యాన్సర్లలో ఈ రిసెప్టార్లు ఉంటాయి. అండాశయాలను తొలగిస్తే కొందరిలో గడ్డ తగ్గుతుందని స్కాట్లాండ్ వైద్యుడు జార్జ్ బీట్సన్ 1896లోనే వెల్లడించారు. ఈస్ట్రోజెన్ అనే పదార్థాన్ని అప్పటికి ఎవరూ గుర్తించనేలేదు.

టమాక్సిఫెన్ ఈ రిసెప్టార్‌ను ముందుగా ఆక్రమించి ఈస్ట్రోజెన్‌కు చోటు లేకుండా చేస్తుంది. 1962లో బ్రిటన్‌లో గర్భనిరోధక పరిశోధనలో భాగంగా తయారైన ఈ మందు ఆ పనికి ఉపయోగపడలేదు గాని, క్యాన్సర్ చికిత్సలో స్థిరపడింది. రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఐదేళ్లు వాడినవారిలో, పదిహేనేళ్ల కాలంలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు మూడోవంతు తగ్గినట్లు అంతర్జాతీయ అధ్యయనాలు నిరూపించాయి. జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో కూడా ఈ మందు ఉన్నది.

ముట్లుడిగిన మహిళలలో ఈస్ట్రోజెన్ ప్రధానంగా కొవ్వు కణజాలంలో, ఆరోమటేజ్ అనే ఎంజైము ద్వారా తయారవుతుంది. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్, ఎగ్జెమెస్టేన్ ఆ ఎంజైమును అడ్డుకుంటాయి. ఋతుస్రావం కొనసాగుతున్నవారిలో అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి కనుక వాటి పనిని కూడా ఆపితే తప్ప ఈ మందులు క్యాన్సర్‌కు ఫలించవు. పైగా మెదడు నుంచి వచ్చే సంకేతాలు పెరిగి అండాశయాలు మరింత ఉత్తేజితమవుతాయి. సంతానలేమి చికిత్సలో లెట్రోజోల్‌ను వాడేది ఈ గుణం కోసమే. ఆ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబరులో నిషేధించి, 2017లో నిషేధాన్ని ఎత్తివేసింది. క్యాన్సర్ చికిత్సకు ఆ నిషేధం ఎన్నడూ వర్తించలేదు. పాత వార్తలను ఉటంకించే పాత్రికేయులు ఈ తేడాను గమనించవలసి ఉంటుంది.

రిసెప్టార్లు లేని క్యాన్సర్‌లో ఈ మందుల వల్ల ప్రయోజనం ఉండదు. అందువల్ల బయాప్సీ ముక్కపై రిసెప్టార్ పరీక్ష తప్పనిసరి. ముక్కను తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో ఉంచకపోతే ఫలితం తప్పుగా రావచ్చు. చిన్న పట్టణాల ఆసుపత్రుల నుంచి నమూనాలు దూరపు ప్రయోగశాలలకు వెళ్లేటప్పుడు అధికారులు మొదట దృష్టి పెట్టవలసిన అంశం ఇదే.

వేడి ఆవిర్లు టమాక్సిఫెన్ వల్ల సాధారణంగా కలిగే ఇబ్బంది. మిరప కల్లాలలో ఎండలో పనిచేసేవారికి ఇది మరింత దుర్భరమై, మాత్ర మానివేసేందుకు దారితీయవచ్చు. అలా మానకుండా వైద్యుని సంప్రదిస్తే ఉపశమనానికి మార్గాలున్నాయి. అయితే మానసిక వ్యాకులతకు ఇచ్చే పారోక్సెటిన్, ఫ్లూక్సెటిన్ టమాక్సిఫెన్ ప్రభావాన్ని తగ్గించగలవు కనుక వాడుతున్న మందులన్నిటినీ వైద్యునికి తెలియజేయాలి. కాలిపిక్కలో వాపు, నొప్పి రక్తం గడ్డకట్టడానికీ, ముట్లుడిగాక రక్తస్రావం గర్భాశయ లోపొర క్యాన్సర్‌కూ సూచన కావచ్చు. ఇవి అరుదైనవే అయినా కనిపించిన వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులు టమాక్సిఫెన్ వాడరాదు. ఆరోమటేజ్ నిరోధకాలు వాడేవారికి ఎముకల సాంద్రత పరీక్ష అవసరం.

గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు సహకారంతో నిర్మించిన క్యాన్సర్ విభాగం పనిచేస్తున్నది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, 2024లో ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారిన పథకం పరిధిలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి.