బయాలజీ అంటే నీట్ ఒక్కటేనా? తిమింగలాలను చదివే ఉద్యోగం



పిల్లలు బయాలజీ ఇష్టమని చెప్పగానే మన ఇళ్లలో మొదట వినిపించే మాట నీట్. అది మంచి లక్ష్యమే. అయితే బైపీసీ నుంచి వెళ్లే దారులు ఇంకా ఉన్నాయి. మ్యూజియంలో తిమింగలాలపై పరిశోధన చేసే శాస్త్రవేత్త ఉద్యోగం అందులో ఒకటి.

అమెరికాలో వాషింగ్టన్ నగరంలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో జేమ్స్ మీడ్ 1972లో సముద్ర క్షీరదాల క్యూరేటర్‌గా చేరారు. క్యూరేటర్ అంటే అద్దాల పెట్టెలకు కాపలా కాదు. తిమింగలం ఒడ్డుకు కొట్టుకొచ్చిందని కబురందితే వెళ్లాలి. దుర్వాసన భరిస్తూ కొలతలు తీయాలి, కడుపులో ఏముందో చూడాలి. ఎముకలు శుభ్రం చేసి, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసి భద్రపరచాలి.

ఆ శ్రమ ఫలితం ఒక్కోసారి ఏళ్ల తర్వాత కనిపిస్తుంది. 1975-79 మధ్య కాలిఫోర్నియా తీరానికి కొట్టుకొచ్చిన నాలుగు తిమింగలాలను 'హెక్టర్స్ బీక్డ్ వేల్' జాతిగా గుర్తించి మీడ్ 1981లో ప్రచురించారు. తర్వాత డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాయి. దాచిన నమూనాలను పరీక్షిస్తే అవి అప్పటిదాకా సైన్సుకు తెలియని జాతివని తేలింది. 2002లో దానికి 'పెర్రిన్స్ బీక్డ్ వేల్' అని పేరు పెట్టారు. ఆ పరిశోధన పత్రం రాసినవారిలో మీడ్ కూడా ఉన్నారు. తన పాత నిర్ణయాన్ని సరిదిద్దే పనిలో తానే పాలుపంచుకున్నారు!

తిమింగలం చెవిలోని గులిమి కూడా విలువైనదే. చెట్టు వలయాల్లా అది పొరలు పొరలుగా పేరుకుంటుంది. మ్యూజియంలలో దాచిన గులిమిని పరీక్షించిన శాస్త్రవేత్తలు, 20వ శతాబ్దంలో వేట పెరిగిన కాలంలో తిమింగలాల్లో ఒత్తిడి హార్మోను కూడా పెరిగిందని 2018లో వెల్లడించారు.

ఏం చదవాలి?

ఇంటర్ బైపీసీ తర్వాత బీఎస్సీ జువాలజీ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. మొత్తం దాదాపు 10 ఏళ్లు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవ వనరుల విభాగం ఉంది. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వంటి చోట్ల పరిశోధనకు వీలుంది. ఒక్క మాట: తిమింగలాల క్యూరేటర్ పోస్టులు చాలా తక్కువ. కానీ జాతులను గుర్తించడం, డీఎన్‌ఏ విశ్లేషణ, గణాంకాలు నేర్చుకున్నవారికి మత్స్య, వన్యప్రాణి రంగాల్లోనూ పని ఉంటుంది.

ఇంట్లో ఏం చేయవచ్చు?

ఈసారి బీచ్‌కి వెళ్లినప్పుడు మీ పిల్లల చేతికి ఒక నోట్‌బుక్ ఇవ్వండి. గవ్వ దొరికిన చోటు, తేదీ, కొలత రాయమనండి. వారానికే విసుగొస్తే బలవంతం వద్దు. నెలల తరబడి రాస్తూనే ఉంటే మాత్రం, కోర్సు ఎంచుకునే ముందు ఆ నోట్‌బుక్ ఒకసారి తెరిచి చూడండి.