మడుగు దాకా దారి ఎవరిది?

మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలంలోని భీమునిపాదం జలపాతానికి వెళ్లడం కష్టమేమీ కాదు. బండి దిగి అడవిలో కొద్ది దూరం నడిస్తే చాలు, రాళ్ల నడుమ సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ధార, దాని కింద మడుగు కనిపిస్తాయి. వానకాలం సెలవు రోజుల్లో వరంగల్, జనగామ, భూపాలపల్లి వైపు నుంచి జనం అక్కడికి చేరతారు. యువకులు మడుగులోకి దిగి కేరింతలు కొడతారు. స్త్రీలు ఎక్కువమంది ఒడ్డున రాళ్లపై కూర్చుని పాదాలు తడుపుకుంటారు. ఆ దృశ్యాన్ని చూసి ‘ఇక్కడ కులం ఎక్కడుంది? నీళ్లకు అందరూ సమానమే కదా’ అనుకోవడం సహజం.

నీటికి కులం లేదన్నది నిజమే. అయితే నీటి దాకా వెళ్లే దారికి, దిగడానికి కావలసిన తీరికకు, ఈత అనే విద్యకు, చివరకు ఆ మడుగుకు పెట్టిన పేరుకు కూడా ఒక సామాజిక చరిత్ర ఉంది. విహారస్థలం గనుక అది రాజకీయ ప్రశ్న కాదనుకుంటే ఆ చరిత్రంతా కంటికి ఆనకుండా పోతుంది.

జనగామ నుంచే మొదలుపెడదాం. అది మెట్ట ప్రాంతం. అక్కడి పల్లెల్లో పిల్లలకు ఈత నేర్పింది జలపాతాలు కావు, వ్యవసాయ బావులు. నడుముకు ఎండిన సొరకాయ బుర్రో, బెండ్లో కట్టుకుని, గట్టు మీది నుంచి బావిలోకి దూకి ఒక తరమంతా ఈత నేర్చుకుంది. కానీ బావి ఉండాలంటే భూమి ఉండాలి. భూమి ఎవరిదో బావీ వారిదే. భూమిలేని మాదిగ, మాల కుటుంబాల పిల్లవాడు ఆ బావిలో దూకాలంటే ఆసామి దయ ఉండాలి, లేదా ఆసామి కన్నుగప్పాలి. ‘నీళ్లు మైలపడ్డాయి’ అన్న తిట్టు, దాని వెంట వచ్చే దెబ్బ ఎంతోమంది దళితుల బాల్య జ్ఞాపకాల్లో ఉన్నాయి. ఆ తరువాత బోర్లు వచ్చాయి, భూగర్భ జలం అడుగంటింది, బావులు పూడిపోయాయి. కొందరికి ఎన్నడూ అందని ఈత, ఇప్పుడు ఊళ్లోని చాలామందికే అందకుండా పోయింది.

ఇందులో ఒక విషాదకరమైన వైరుధ్యం ఉంది. నీటిని అత్యంత సన్నిహితంగా ఎరిగినవారే నీటి దగ్గర అత్యంత తక్కువ గౌరవం పొందారు. చెరువు తూము తీసి, పొలం పొలానికి నీరు పారించే నీరటి చాలా ఊళ్లలో దళితుడే. ఆయన చేతి మీదుగా పారిన నీటితో ఊరంతా పండింది, ఆయన మాత్రం ఊరి మంచినీళ్ల బావిలో చేద వేయలేకపోయాడు. రేవులో మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఊరి బట్టలు ఉతికిన చాకలి దొర గడిలో వెట్టికి నిలబడవలసి వచ్చింది. పాలకుర్తి ఐలమ్మ పోరాటాన్ని భూమి పోరాటంగా స్మరించుకుంటున్నాం, అది సరైనదే. ఆ పోరాటం వెనుక రేవులో అరిగిపోయిన బతుకులున్నాయని కూడా గుర్తుంచుకోవాలి. ఇవాళ్టికీ చెరువులోనో మడుగులోనో ఎవరైనా గల్లంతైతే పోలీసులు కబురు పెట్టేది గజ ఈతగాళ్లకే. వారిలో ఎక్కువమంది చేపలు పట్టే కులాలవారు. శవం వెలికితీయడానికి పనికివచ్చే వారి విద్య, ప్రాణం పోకుండా కాపాడే శాశ్వత ఉద్యోగంగా ఎందుకు మారలేదు?

నీటి హక్కు మన దేశంలో అడిగితే దొరికినది కాదు. బహిరంగ జలాశయాలను అందరికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించినా, 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలాదిమందితో నడిచి వెళ్లి మహాడ్‌లోని చవదార్ చెరువు నీళ్లు తాగేదాకా ఆ తీర్మానం కాగితంగానే ఉంది. ఆ గుక్కెడు నీటికి కోర్టు ఆమోదం దొరకడానికి మరో పదేళ్లు, 1937 దాకా, పట్టింది. తెలుగు నేల మీద కారంచేడును మరవగలమా? దళితులు మంచినీళ్లు తెచ్చుకునే చెరువును మురికి చేయడాన్ని ప్రశ్నించినందుకు, ఒక మాదిగ మహిళ తనను తాను కాపాడుకోవడానికి బిందె ఎత్తినందుకు, 1985 జులై 17న ఆరుగురు మాదిగలను వేటాడి చంపారు.

అందుకే రాజ్యాంగం 15వ అధికరణలో బావులు, చెరువులతో పాటు స్నానఘట్టాలను పేరుపెట్టి మరీ ప్రస్తావించింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ నదిని, వాగును, ఊటను కూడా చేర్చి, వాటిని ఇతరులతో సమానంగా వాడుకోనివ్వకపోవడాన్ని నేరంగా ప్రకటించింది. స్నానం, ఈత విలాసాలు కావని, పౌరసత్వంలో భాగమని చట్టం గుర్తించిందన్నమాట.

ఇది మన దేశానికే పరిమితమైన కథ కాదు. 1919 జులైలో షికాగోలో యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ల నల్లజాతి బాలుడు మిచిగన్ సరస్సులో ఈదుతూ, తెల్లవారు తమదనుకున్న వైపుకు కొట్టుకుపోయాడు. ఒడ్డు నుంచి రాళ్లు విసిరారు, అతడు మునిగి చనిపోయాడు. తరువాతి అల్లర్లలో 38 మంది మరణించారు. మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ నగరం నల్లవారితో కలిసి ఈదడం కన్నా కొలనులు మూసేయడమే మేలనుకుంది. ఆ దేశ సుప్రీంకోర్టు 1971లో దాన్ని తప్పుపట్టలేదు. ఆస్ట్రేలియాలోని మోరీ పట్టణంలో ఆదివాసీ పిల్లలకు ఈతకొలను తలుపులు తెరిపించడానికి 1965లో చార్లెస్ పెర్కిన్స్, ఆయన తోటి విద్యార్థులు ఉద్యమించవలసి వచ్చింది. అమెరికాలో ఈతకొలనుల్లో మునిగి చనిపోయే ముప్పు తెల్ల పిల్లలకన్నా నల్ల పిల్లలకే ఎక్కువని అక్కడి ప్రజారోగ్య లెక్కలు నేటికీ చూపుతున్నాయి. నిషేధాన్ని చట్టం ఎత్తివేసినా, నేర్చుకోని ఈత రూపంలో అది తరాల పాటు మిగిలిపోతుంది. వేసవి సెలవుల్లో మన వార్తాపత్రికల్లో వచ్చే మృతుల పేర్లను ఈ వెలుగులో మళ్లీ చదవాలి.

ఇక పేరు సంగతి. మహబూబాబాద్ అడవిలో భీముడి పాదం, భూపాలపల్లి జిల్లా రేగొండ వైపు పాండవుల గుట్టలు. ఆ గుట్టల రాతి గుహల్లో చరిత్ర పూర్వయుగపు మనుషులు గీసిన బొమ్మలున్నాయి, పేరు మాత్రం ఇతిహాసానిది. కోయలలో భీముణ్ణి తమ మూలపురుషుడిగా చెప్పుకునే ఐతిహ్యం ఒకటి ఉంది గనుక ఆ పేరు పూర్తిగా పరాయిదని అనలేం. కానీ పర్యాటక ప్రచారం మహాభారతాన్ని చెబుతుందే తప్ప, ఆ నీటితో బతికిన కోయగూడేలను, లంబాడా తండాలను చెప్పదు. కథ చెప్పే అధికారం ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

దీనికి భిన్నమైన ఉదాహరణ దగ్గరలోనే ఉంది. 2019 దాకా భూపాలపల్లి జిల్లాలో, నేడు ములుగు జిల్లాలో ఉన్న మేడారంలో జంపన్నవాగు పారుతోంది. కాకతీయ సైన్యంతో పోరాడి ఆ నీటిలో ప్రాణాలు విడిచిన ఆదివాసీ వీరుడి పేరే ఆ వాగుకు పెట్టుకున్నారు. జాతరలో అన్ని కులాలవారు అందులో పక్కపక్కనే మునుగుతారు. పూజారులు కోయలు, మిగిలినవారంతా వారి ఇంటికి వచ్చిన అతిథులు. అక్కడ కులం మాయమైపోయిందని చెప్పలేం. అయితే ఆతిథ్యం ఎవరిదో స్పష్టంగా ఉన్నచోట నీటి దగ్గరి మర్యాద మారుతుందని మాత్రం ఆ వాగు చూపిస్తుంది.

ఆ మర్యాదకు చట్టబద్ధమైన ఆధారం కూడా ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సామూహిక అటవీ వనరులను కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును అడవిలో నివసించే సమాజాలకు ఇచ్చింది. నీటి వనరులను రక్షించే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించింది. అడవిలోని ప్రతి జలపాతం దగ్గర ఈ రెండు చట్టాలను ముందుపెట్టి అడగవలసిన ప్రశ్నలున్నాయి. ప్రవేశ రుసుము పెడితే ఆ డబ్బు ఎవరికి చేరుతుంది? ఒడ్డున దుకాణం ఎవరిది? పర్యాటకులు వదిలేసిన సీసాలు, ప్లాస్టిక్ ఏరేది ఎవరు? రుసుము ప్రభుత్వానికి, లాభం కాంట్రాక్టరుకు, చెత్త మాత్రం గూడేనికి అయితే, పర్యాటకం పాత వెట్టికి కొత్త పేరవుతుంది.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. జలపాతాల నిర్వహణ గ్రామసభల చేతికి రావాలి. స్థానిక ఆదివాసీ యువతకు, మత్స్యకార కులాల ఈతగాళ్లకు శిక్షణనిచ్చి జీతంతో రక్షకులుగా నియమించాలి. స్త్రీలు దుస్తులు మార్చుకునే గదులు కట్టాలి, అవి లేకపోవడం కూడా ఒక నిషేధమే. అన్నిటికీ మించి ఈతను బడి విద్యలో చేర్చాలి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, దళిత విద్యార్థి ఆనంద్‌కుమార్ 2014 మేలో ఎవరెస్టు శిఖరం ఎక్కారు. ఆమెకు అప్పటికి 13 ఏళ్లు. శిఖరం ఎక్కడం నేర్పగలిగిన వ్యవస్థకు నీళ్లలో తేలడం నేర్పడం అసాధ్యమేమీ కాదు. శిఖరం ఏ ఇద్దరికో దక్కే గెలుపు, ఈత ప్రతి బిడ్డకూ అందవలసిన రక్షణ.

విద్యార్థి మిత్రులు తమ తరగతిలోనే ఒకసారి అడిగి చూడాలి: ఈత ఎవరికి వచ్చు, ఎక్కడ నేర్చుకున్నారు, ఆ బావి ఎవరిది? అమ్మాయిలలో ఎంతమందికి వచ్చు? వచ్చిన జవాబులను కులం వారీగా, లింగం వారీగా, భూమి వారీగా పేర్చి చూస్తే, మన సమాజ నిర్మాణం గురించి చాలా పాఠ్యపుస్తకాలు చెప్పని సంగతి ఒకటి తేటగా కనిపిస్తుంది.