రాజమండ్రి రాళ్ళలో సాగరగర్భం

రాజమండ్రి పరిసరాలలో, గోదావరికి ఇరువైపులా, నల్లరాతి క్వారీలు ఉన్నాయి. ఆ నల్లరాయి సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రిందట ప్రవహించి గట్టిపడిన లావా. రెండు లావా పొరల నడుమ సున్నపురాయి, బంకమన్నులతో కూడిన పొర ఒకటి ఉన్నది. అందులో గుల్లలు కోకొల్లలు. నాగపూరులో క్రైస్తవ మతప్రచారకుడైన స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే వీటిని వర్ణించి ప్రకటించాడు.

గుల్ల కనబడగానే అక్కడ సముద్రం ఉండేదని నిర్ణయించడం తొందరపాటు. ఏటి ప్రవాహం మంచినీటి నత్తను కొట్టుకువచ్చి ఉప్పునీటిలో పడవేయవచ్చు. అందుచేత శాస్త్రజ్ఞులు ఒంటరి గుల్లను గాక, గుల్లల సముదాయాన్ని, అవి పడి ఉన్న తీరును పరిశీలిస్తారు. రెండు చిప్పలూ విడిపోక, బ్రతికిన భంగిమలోనే దొరికితే ఆ జీవి అక్కడే నివసించిందన్నమాట. చిప్పలు విడివడి, అంచులు అరిగి, ఒకే పరిమాణం గలవి పోగుపడి ఉంటే అది ప్రవాహం చేసిన పని. గుల్లసున్నం కాల్చేవారికి అన్ని గుల్లలూ ఒక్కటే. శిలాజ శాస్త్రానికి కావు.

ఈ దృష్టితో చూస్తే దుద్దుకూరు వద్ద క్రింది లావాకు అడుగున ఉన్న సున్నపురాతిలో మరమేకు వంటి టరిటెల్లా గుల్లలు క్రిక్కిరిసి ఉన్నాయి. అది లోతు తక్కువ సముద్రపు అడుగు. లావా దానిని కప్పివేసింది. ఆపైన, కాతేరు వద్ద నడిమి పొరలో, సముదాయమే మారిపోయింది. ఆల్చిప్పలు, ఉప్పుటేటి నత్తలు, వాటితో కొద్దిపాటి మంచినీటి నత్తలు! టరిటెల్లా సాధారణంగా నిలకడైన సముద్రజలాన్ని కోరుతుంది. ఆల్చిప్ప ఉప్పు హెచ్చుతగ్గులను చాలావరకు ఓర్చుకొంటుంది. కనుక ఇది నదీముఖం. ఏదో ఒక నది ఆనాడు ఇక్కడ సాగరంలో కలిసేది.

ఇది ఏనాటి మాట? దీనికి గుల్లలు చాలలేదు. నడిమి పొరలోని ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల శిలాజాలను పరీక్షించి, 2008లో ప్రచురించిన పరిశోధనలో, అది రాక్షసబల్లులు అంతరించిన వెంటనే ఏర్పడినదని నిర్ధారించారు. దక్కను లావాకూ ఆ వినాశనానికీ గల సంబంధాన్ని గురించిన చర్చలో ఈ పొర అందుకే ముఖ్య సాక్షి.

ఈ పొరలు వెలుగు చూచినది క్వారీల వల్లనే. రాయి తవ్వినకొద్దీ తరిగిపోయేదీ అక్కడే. గుల్లను ఊడదీసి తెచ్చుకొన్న విద్యార్థి చేతిలో గుల్ల మిగులుతుంది గాని, అది ఏ పొరలో, ఏ గుల్లల సరసన, ఏ ముఖంగా పడి ఉన్నదో మిగలదు. అవన్నీ నోటు పుస్తకంలో వ్రాసుకొన్న పిమ్మటనే సుత్తి అందుకోవడం ఈ శాస్త్రంలో ఆచారం.