బడిపంతులు కాగోరువారు చదువవలసిన చదువులు

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినది మొదలు మన ఇండ్లలో జరుగు సంప్రదింపులలో ఇంజనీరింగు, వైద్యము, ఫార్మసీ, చార్టర్డ్ అకౌంటెన్సీ అను పేర్లు పదేపదే వినవచ్చునే గాని, తమ బిడ్డ బడిపంతులు కావలెనని ముందుగా సంకల్పించుకొను తల్లిదండ్రులు అరుదు. అంతమాత్రమున ఆ వృత్తిని కోరువారు తక్కువ యనుకొనుట పొరపాటు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ అను ఉపాధ్యాయ నియామకపరీక్షను ప్రకటించినపుడు దరఖాస్తు చేసికొన్నవారు మూడు లక్షలకు మించిరి; అంతకు ముందటి యేట తెలంగాణలో 11,062 పోస్టులకు జరిగిన డీఎస్సీకిని అట్టి రద్దీయే యుండెను. కృష్ణాతీరమున నున్న అవనిగడ్డ యనెడి చిన్న పట్టణము డీఎస్సీ శిక్షణకు పేరువడి, ఎక్కడెక్కడి జిల్లాలనుండియో వచ్చి గదులు అద్దెకు తీసికొని నెలల తరబడి చదువుకొను అభ్యర్థులతో నిండియుండుట తెలుగువా రెఱిగినదే. ఇందఱు కోరు ఈ వృత్తికి దారి ఎచట మొదలగునో మాత్రము పెక్కుమందికి డిగ్రీ చేత బట్టుకొన్న పిమ్మటగాని తెలియదు. నిజమునకు ఆ దారి డిగ్రీలో చేరుటకు ముందే, ఐచ్ఛికవిషయములను ఎంచుకొను దినముననే, మొదలగుచున్నది.

పాఠము చెప్పుటయు ప్రత్యేకముగా నేర్వవలసిన విద్యయే యను భావము మనకు క్రొత్తది గాదు. మద్రాసు విశ్వవిద్యాలయము ఎల్.టి. అను పట్టమునొసగుచుండిన కాలమున తెలుగుజిల్లాల పట్టభద్రులు పెక్కురు సైదాపేటలోని ట్రైనింగు కళాశాలకు పోయి శిక్షణము పొంది వచ్చుచుండెడివారు. తత్త్వశాస్త్రమున ఎం.ఏ. పూర్తిచేసి ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగమున చేరిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారికి సైతము 1910 ప్రాంతమున ఆ శిక్షణము తప్పలేదు. కాలక్రమమున ఎల్.టి., బి.టి. అను పేర్లు మాఱి బి.ఎడ్. అను పేరు స్థిరపడినది. ఈ చదువులకు దేశమంతటను ప్రమాణములు నిర్ణయించు అధికారమును 1993 నాటి చట్టము జాతీయ ఉపాధ్యాయ విద్యామండలికి అప్పగించినది, వాడుకలో ఎన్.సి.టి.ఇ. అనునది ఇదియే. వైద్యునకును న్యాయవాదికిని ఉన్నట్లు ఉపాధ్యాయునకు మన దేశమున లైసెన్సు అను పత్రము వేఱుగా లేదు. చదివిన డిగ్రీ, పొందిన శిక్షణ, ఉత్తీర్ణమైన టెట్ అను అర్హతాపరీక్ష, ఈ మూడును కలసియే అతని అర్హతాపత్ర మగుచున్నవి.

బడిలో ఏ తరగతికి చెప్పదలచితిమో దానినిబట్టి ఈ అర్హత మాఱును. ఒకటి మొదలు అయిదవ తరగతి వఱకు చెప్పు సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయునకు, అనగా ఎస్.జి.టి.కి, డిగ్రీ తప్పనిసరి గాదు. ఇంటర్ పిమ్మట డీసెట్ అను ప్రవేశపరీక్ష వ్రాసి, డైట్ అని పిలువబడు జిల్లా సంస్థలో గాని ప్రైవేటు కళాశాలలో గాని రెండేండ్ల డి.ఎల్.ఎడ్. పూర్తిచేసిన చాలును. పాతతరమువారు టి.టి.సి. అనియు డి.ఎడ్. అనియు వ్యవహరించిన చదువు ఇదియే. ఆఱు మొదలు పదవ తరగతి వఱకు చెప్పు స్కూల్ అసిస్టెంటునకు డిగ్రీయు, దానిపై బి.ఎడ్.యును కావలెను. గురుకులములలోను కేంద్రీయ విద్యాలయములలోను ఇతనినే టి.జి.టి. అందురు, పదునొకండు, పండ్రెండు తరగతులకు చెప్పు పి.జి.టి.కి బి.ఎడ్.తో పాటు స్నాతకోత్తర పట్టమును ఉండవలెను.

బి.ఎడ్. పెద్ద చదువు గనుక చిన్నతరగతులకును అది చెల్లుననుకొనుట లోకమున సహజము. 2018లో ఎన్.సి.టి.ఇ.యే, ఉద్యోగమున చేరిన పిమ్మట ఆఱునెలల వంతెన కోర్సు చేయవలెనను నియమముతో, బి.ఎడ్. వారిని ప్రాథమిక తరగతులకు అనుమతించెను. సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న ఆ వెసులుబాటు చెల్లదని తీర్పు చెప్పినది. మఱుసటి యేట ఎస్.జి.టి. పోస్టులకు బి.ఎడ్. వారిని అనుమతించిన ఆంధ్రప్రదేశ్ డీఎస్సీ ప్రకటనపై అచటి హైకోర్టు అడ్డు చెప్పవలసి వచ్చినది. ఆశపెట్టుకొన్న బి.ఎడ్. అభ్యర్థులకు ఇది కష్టమే కలిగించినను, తీర్పులోని న్యాయమును కాదనరాదు. అక్షరము దిద్దించుట, ఆఱేండ్ల బిడ్డకు పదులు, ఒకట్లు పుల్లలతో చూపించుట బి.ఎడ్.లో నేర్పు విద్య గాదు. పట్టము పెద్దదైనంత మాత్రమున చిన్నపిల్లల బోధన దానంతట అది రాదు.

ఇక డిగ్రీ సంగతి. స్కూల్ అసిస్టెంటు కాగోరువానికి డిగ్రీ యేదైన నేమి యను మాట వినుచుందుము. ఇంతకంటె హానికరమైన సలహా మఱియొకటి లేదు. డీఎస్సీ ప్రకటన అడుగునది మూడు విషయముల పొత్తు: డిగ్రీలో చదివిన ఐచ్ఛికము, బి.ఎడ్.లో తీసికొన్న మెథడాలజీ, దరఖాస్తు చేయు పోస్టు, ఇవి ఒక్క తీగపై నుండవలెను. గణితము స్కూల్ అసిస్టెంటునకు డిగ్రీలో గణితము ఐచ్ఛికమై, బి.ఎడ్.లోను గణితమే మెథడాలజీ కావలెను. వృక్ష, జంతు, రసాయన శాస్త్రముల బి.జడ్.సి. వారు జీవశాస్త్రమునకు పోవుదురు. చరిత్ర, అర్థశాస్త్రము, రాజనీతి చదివినవారు సాంఘికశాస్త్రమునకు. గణితము, భౌతికము, రసాయనము గల పాతకాలపు ఎం.పి.సి. విద్యార్థికి గణితము, భౌతికరసాయనములు రెండు వైపుల తలుపులును తెఱచియుండును. నేటి యువకులు మోజుపడి చేరు గణితము, గణాంకశాస్త్రము, కంప్యూటర్లు అను కలయికలో భౌతికరసాయనములు లేనందున రెండవ తలుపు మూతపడును, గణితమొక్కటే మిగులును. దోస్త్ అను డిగ్రీప్రవేశముల దరఖాస్తులో ఐచ్ఛికములకెదురుగా గుర్తు పెట్టు తెలంగాణ విద్యార్థికి ఈ సంగతి ఆ క్షణమున ఎవ్వరును చెప్పరు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నుండి డిగ్రీలో ఒకే ప్రధానవిషయము, దానికి తోడు మైనరు అను పద్ధతి వచ్చినది. అచటివారు మైనరును ఊరక నింపక, తాము కోరు పోస్టునకు అది ఉపకరించునట్లు ఎంచుకొనవలెను. ఇంజనీరింగు పట్టభద్రులకును బి.ఎడ్.లో ప్రవేశము కలదు గాని, ప్రవేశము వేఱు, పోస్టునకు అర్హత వేఱు. బి.ఎడ్. ప్రవేశపరీక్షయగు ఎడ్‌సెట్ అనుమతించిన డిగ్రీని డీఎస్సీయు అనుమతించునని యెవ్వరును నిశ్చింతగా నుండరాదు.

బి.ఎడ్. ఒకప్పుడు ఒక్క యేటి చదువు. జస్టిస్ జె.ఎస్. వర్మ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 2012లో ఇచ్చిన నివేదిక పిమ్మట ఎన్.సి.టి.ఇ. 2014 నిబంధనలచే దానిని రెండేండ్లు చేసి, అందులో ఇరువది వారములు బడిలోనే గడపవలెనని విధించెను. ఎడ్‌సెట్ వ్రాయుటకు డిగ్రీలో సామాన్యముగా 50 శాతము మార్కులుండవలెను. రిజర్వేషను వర్గములకు సడలింపు కలదు. ఈ చదువులో మనస్తత్వశాస్త్రము, విద్యాతత్త్వము మొదలైన పుస్తకవిషయములు చాల కలవు గాని, ఉపాధ్యాయుని తీర్చిదిద్దునవి అవి గావు. మైక్రో టీచింగ్ అను అభ్యాసమున శిక్షణార్థి తన తోటివారినే అయిదాఱుగురిని పిల్లలుగా కూర్చుండబెట్టి, అయిదాఱు నిమిషములలో ఒకే నైపుణ్యమును, ప్రశ్నించుటనో, ఉదాహరణమిచ్చుటనో, నల్లబల్లపై వ్రాయుటనో, చేసిచూపి, విమర్శ విని, మరల అదే పాఠము చెప్పును. ఆ పిమ్మట నిజమైన తరగతి. జిల్లా పరిషత్ ఉన్నతపాఠశాలలో ఏడవ తరగతికి భిన్నములు చెప్పుచున్న ఒక శిక్షణార్థినిని ఊహించుకొనుడు. ఆమె కాగితము మడచి సగము, పావు చూపి, 'అర్థమైనదా?' అని అడుగును. నలువదిమంది ఒక్క గొంతుతో 'అయింది టీచర్!' అందురు. వెనుకబల్లపై కూర్చున్న పెద్ద ఉపాధ్యాయుడు ఆమె రికార్డులో ఒక్క వాక్యము వ్రాయును: గుంపుగా వచ్చిన జవాబు జవాబు గాదు, పేరు పెట్టి ఒకరిని అడుగుము. మఱునాడు ఆమె మూడవ వరుసలోని పిల్లవానిని లేపి, పావుకంటె సగము ఎంత పెద్దదని అడుగును, వాడు తెల్లబోవును, అప్పుడుగదా తాను నిన్న పాఠము చెప్పలేదని ఆమెకు తెలిసివచ్చును! ఇరువది వారముల ఇంటర్న్‌షిప్పు విలువ యంతయు ఇచ్చటనే యున్నది.

ఈ ఇరువది వారములను కాగితములపైననే నడపి, హాజరు లేకయే పట్టములిచ్చు కళాశాలలును దేశమున నున్నవి. అవి పట్టములమ్ము అంగళ్ళను భావము 2020 నాటి జాతీయ విద్యావిధానపత్రమే దాచక వ్రాసినది. రుసుము తక్కువ, రానక్కఱలేదు అని చెప్పు కళాశాలలో చేరినవాడు తనకే గాక, రేపు తన ముందు కూర్చుండబోవు పిల్లలకును అపకారము చేయుచున్నాడు.

మూడేండ్ల డిగ్రీ, రెండేండ్ల బి.ఎడ్. కలసి అయిదేండ్లగును. విషయము ఒకచోట, బోధన మఱియొకచోట నేర్చుటకంటె రెండును మొదటినుండి పెనవైచి నేర్పిన మేలుగదా యను ఆలోచన మన దేశమున పాతదే. 1963లో మైసూరున నెలకొల్పిన ప్రాంతీయ విద్యాకళాశాల నాలుగేండ్ల సమగ్ర పట్టమును నాడే ప్రారంభించెను. నేడు ప్రాంతీయ విద్యాసంస్థ అని పిలువబడు ఆ కళాశాల మానసగంగోత్రి ఆవరణములో, తనకంటూ ఒక ప్రదర్శన పాఠశాలను ఎదుటనే పెట్టుకొని, ఆంధ్ర, తెలంగాణములతో కూడిన దక్షిణరాష్ట్రములన్నిటికిని సేవ చేయుచున్నది. దశాబ్దముల తరబడి అట్టి సంస్థలు దేశమున వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మాత్రమే యుండుట మన దురదృష్టము. 2020 విద్యావిధానము, 2030 నాటికి ఉపాధ్యాయునకు కనీస పట్టము నాలుగేండ్ల సమగ్ర బి.ఎడ్. కావలెనని ప్రకటించినది, తదనుసారముగా 2021లో ఐటెప్ అను కార్యక్రమము ప్రకటింపబడి, 2023-24 విద్యాసంవత్సరమున ఆరంభమైనది. ఇందు బి.ఏ., బి.ఎస్సీ., బి.కామ్. లలో ఒకదానితో బి.ఎడ్. జతగా నడచును. ప్రవేశమునకు ఎన్.సి.ఇ.టి. అను జాతీయపరీక్ష కలదు. అది తెలుగుతో సహా 13 భాషలలో వ్రాయవచ్చును. వరంగల్లులోని ఎన్.ఐ.టి., హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయము ఈ చదువును నడపుచున్న మన ప్రాంతపు సంస్థలలో కొన్ని. ఒక యేడు కలసివచ్చుట దీని లాభములలో చిన్నది. పదునెనిమిదేండ్ల ప్రాయమున సమీకరణము నేర్చుచున్నపుడే దానిని పిల్లవానికెట్లు చెప్పుదునను ప్రశ్న పుట్టుట పెద్దది. సీట్లు కొద్దియే గనుక అందఱికిని దొరకదు. దొరకినవాడు మాత్రము మఱియొక ఆలోచన పెట్టుకొనరాదని నా అభిప్రాయము. నాలుగేండ్ల డిగ్రీ గాని పి.జి. గాని చేసినవారికి ఒక్క యేటి బి.ఎడ్. మరల తేవలెనని 2025లో ఎన్.సి.టి.ఇ. ముసాయిదా వెలువరించినది, ముసాయిదాను నమ్మి ఎవ్వరును తమ చదువును నిర్ణయించుకొనరాదు.

తెలుగు, హిందీ పండితులకు భాషాపండిత శిక్షణయు, వ్యాయామోపాధ్యాయులకు బి.పి.ఎడ్.యు, ప్రత్యేకావసరములు గల పిల్లలకు చెప్పువారికి భారత పునరావాస మండలి గుర్తించిన ప్రత్యేక బి.ఎడ్.యు వేఱుగా కలవు. వీనిలో చివరిదానికి పోటీ తక్కువ, అవసరమెక్కువ.

చదువు పూర్తియైన పిమ్మట టెట్ మిగులును. ఒకటి మొదలు అయిదు తరగతులకు మొదటి పేపరు, ఆఱు మొదలు ఎనిమిది తరగతులకు రెండవది. ఒక్కొక్కటి 150 మార్కులకు. మన రాష్ట్రములలో సామాన్యవర్గమువారికి 60 శాతము, వెనుకబడినవర్గములవారికి 50, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని వికలాంగులకును 40 శాతము రావలెను. ఒకసారి ఉత్తీర్ణులైన అది జీవితకాలము చెల్లునని 2021లో నిర్ణయించిరి. డీఎస్సీ ఎంపికలో టెట్ మార్కులకు 20 శాతము వెయిటేజి యుండుటచే, ఉత్తీర్ణులైనవారు సైతము మార్కులు పెంచుకొనుటకు మరల మరల వ్రాయుచుందురు. కేంద్రీయ విద్యాలయములకు పోదలచినవారు కేంద్రస్థాయి టెట్ అగు సి.టెట్ వ్రాయవలెను. ఇదంతయు క్రొత్తగా చేరువారికేయని పాత ఉపాధ్యాయులు నిశ్చింతగా నుండగా, పదవీవిరమణమునకు అయిదేండ్లకు మించి గడువున్నవారును రెండేండ్లలో టెట్ ఉత్తీర్ణులు కావలెనని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పినది. ఇరువది యేండ్లుగా పాఠము చెప్పుచున్నవారు నేడు మరల బాలమనస్తత్వశాస్త్రపు గైడు చేత పట్టుకొనుచున్నారు.

ఇంటర్ ముగించుచున్న పిల్లలకును వారి తల్లిదండ్రులకును నా మనవి యొక్కటే. చిన్నపిల్లలకు చెప్పవలెనను కోరిక నిజముగా నున్నచో డి.ఎల్.ఎడ్.ను చిన్నచూపు చూడక చేరుడు, డిగ్రీ, బి.ఎడ్. పిమ్మట చేసి స్కూల్ అసిస్టెంటుగా పదోన్నతి పొందవచ్చును. హైస్కూలులో చెప్పదలచినవారు ఎన్.సి.ఇ.టి. తప్పక వ్రాయుడు, సీటు రానిచో, డిగ్రీ ఐచ్ఛికములను ఎంచుకొనుటకు ముందు మీ రాష్ట్రపు గత డీఎస్సీ ప్రకటనలోని అర్హతల పట్టికను ఒక్కసారి చదువుడు. అది విద్యాశాఖ వెబ్‌సైటులో ఉచితముగనే దొరకును.