మనుమల సంరక్షణ - అవ్వాతాతల న్యాయాధికారం: ఎచ్చెర్ల తీరప్రాంత నేపథ్యం

కీలకపదాలు: సంరక్షకత్వం, వలస, మత్స్యకారులు, మైనరు, సంక్షేమం.

1. ఉపోద్ఘాతం:
శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలంలోని డి. మత్స్యలేశం వంటి తీరగ్రామాల మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వలస వెళ్లి మరపడవలపై పనిచేస్తుంటారు. 2018 నవంబరులో పాకిస్తాన్ నిర్బంధించిన ఉత్తరాంధ్ర మత్స్యకారులలో 20 మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. తండ్రి ఇలా దూరమై, తల్లి కూడా లేని ఇంట్లో ఎదిగే పిల్లల భారం అవ్వాతాతలపైనే పడుతుంది. పెంచినంత మాత్రాన వారు చట్టం దృష్టిలో సంరక్షకులవుతారా? ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

2. సహజ సంరక్షకులు:
హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం (1956) 6వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లు నిండని పిల్లలకు తండ్రి, ఆయన తరువాత తల్లి సహజ సంరక్షకులు. ఈ వరుసలో అవ్వాతాతలు లేరు. ఇక్కడ ‘తరువాత’ అంటే తండ్రి మరణానంతరమని మాత్రమే కాదనీ, ఆయన అందుబాటులో లేని సందర్భానికీ అది వర్తిస్తుందనీ గీతా హరిహరన్ కేసులో (1999) సుప్రీంకోర్టు వివరించింది. కనుక తండ్రి దూరదేశంలో చెరలో ఉన్నప్పుడు తల్లి సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చు.

3. న్యాయమార్గాలు:
తల్లిదండ్రులిద్దరూ మరణిస్తే గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం (1890) కింద, మైనరు సాధారణంగా నివసించే ప్రాంతంపై అధికారంగల జిల్లా కోర్టులో గాని, కుటుంబ న్యాయస్థానం ఉన్నచోట అందులో గాని అవ్వాతాతలు దరఖాస్తు చేసుకోవాలి. తల్లిదండ్రులలో ఒకరు జీవించి ఉన్నా, వారు అనర్హులని కోర్టు భావిస్తే తప్ప మరొకరిని నియమించడానికి 19వ సెక్షన్ అనుమతించదు. తల్లిదండ్రులు అశక్తులైనప్పుడు బాలల న్యాయచట్టం (2015) కింద బాలల సంక్షేమ కమిటీని ఆశ్రయించవచ్చు. కమిటీ విచారణ జరిపి, పిల్లలను తగిన వ్యక్తి సంరక్షణలో ఉంచగలదు.

4. సంక్షేమం - అభీష్టం:
ఏ మార్గంలోనైనా పిల్లల సంక్షేమమే ప్రధానం. ఆలోచించి ఎంచుకోగల వయసు వచ్చిన మైనరు ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చునని 1890 చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల విషయంలో ఈ అంశం కీలకం. కోవిడ్‌లో తల్లిదండ్రులను కోల్పోయిన బాలుణ్ణి తల్లి సోదరికి అప్పగించిన గుజరాత్ హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు 2022లో స్వామినాథన్ కుంచు ఆచార్య కేసులో తోసిపుచ్చి, నాయనమ్మ తాతయ్యలకు అప్పగించింది. ఆదాయం, వయసు మాత్రమే నిర్ణాయకాలు కావని ఈ తీర్పు తెలియజేస్తుంది.

5. ముగింపు:
అవ్వాతాతల పెంపకానికి సమాజామోదం సహజంగానే ఉన్నా, చట్టబద్ధమైన అధికారం మాత్రం ఉత్తర్వు ద్వారానే సిద్ధిస్తుంది. మైనరు ఆస్తి విషయంలో వివాదం తలెత్తినప్పుడు ఈ తేడా స్పష్టమవుతుంది. అవసరం ముంచుకు రాకముందే దానిని గుర్తించడం ఆ పిల్లలకు రక్ష.